తెర మీద నాస్తికుడు ఓడిపోవాల్సిందేనా?

తెలుగు సినిమా మాటలు నేర్చింది దేవుడి కథతోనే. హెచ్‌.ఎం.రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. హరి లేడన్న తండ్రి, ఉన్నాడన్న కొడుకు. చివరికి స్తంభం చీల్చుకుని నరసింహస్వామి రావడంతో వాదన ముగిసిపోయింది. తొంభై ఏళ్లు దాటినా, దేవుణ్ని కాదన్నవాడి కథ మన తెర మీద ఇంచుమించు ఆ స్తంభం చుట్టూనే తిరుగుతోంది.

నిజానికి హిరణ్యకశిపుడు నాస్తికుడే కాదు. బ్రహ్మ కోసం తపస్సు చేసి వరాలు పుచ్చుకున్నవాడు. హరి తనకంటే గొప్పవాడెలా అవుతాడన్నదే అతని గొడవంతా. మన సాంఘిక చిత్రాల్లోని నాస్తికుడూ అతని తమ్ముడే. అమ్మ చనిపోయిందనో, బిడ్డ దక్కలేదనో గుడి మెట్లెక్కడం మానేస్తాడు. ఏదో ఒక రోజు గర్భగుడి ముందు నిలబడి దేవుణ్ని కడిగేస్తాడు. లేడనుకున్నవాడితో ఎవరైనా పోట్లాడతారా? అది నాస్తికత్వం కాదు, అలక. అందుకే క్లైమాక్స్‌లో గంట మోగగానే, విగ్రహం మీద నుంచి పువ్వు రాలగానే ఆ అలక తీరిపోతుంది.

తిన్నడి కథే చూడండి. బాపు దర్శకత్వంలో కృష్ణంరాజు నటించిన 'భక్త కన్నప్ప' 1976లో వచ్చింది. మంచు విష్ణు 'కన్నప్ప' 2025లో వచ్చింది. రెండింటిలోనూ దేవుణ్ని నమ్మని తిన్నడు చివరికి కళ్లే ఇచ్చేంత భక్తుడవుతాడు. మంత్రం రాకపోయినా ప్రేమ చాలునన్న ఆ కథ గొప్పదే. కానీ అందులో అవిశ్వాసం భక్తికి తొలి మెట్టు మాత్రమే. అక్కడే ఆగిపోయే మనిషికి చోటు లేదు.

భక్తి చిత్రాలను తప్పుపట్టాల్సిన పనేమీ లేదు. 'అన్నమయ్య' (1997) చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లలో నమ్మనివాళ్లూ ఉంటారు. భక్తుడి కథను భక్తుడి కళ్లతో చెప్పడమే న్యాయం. అనుమానం ఉన్నవాడి కథను కూడా భక్తుడి కళ్లతోనే చెప్పడం దగ్గరే చిక్కంతా.

'గోపాల గోపాల' (2015) ఇందుకు మంచి ఉదాహరణ. విగ్రహాలమ్ముకునే నాస్తికుడి కొట్టు భూకంపంలో కూలిపోతుంది. అది దేవుడి పని కాబట్టి బీమా సొమ్ము రాదంటారు. అయితే దేవుడి మీదే కేసు వేస్తానంటాడు. దేవుడి పేరిట సాగే వ్యాపారాన్ని ఈ సినిమా గట్టిగానే ఏకిపారేసింది. అయితే అతనికి దారి చూపేందుకు సాక్షాత్తూ దేవుడే మోటార్‌సైకిల్ మీద వస్తాడు. వచ్చినవాడు దేవుడని ప్రేక్షకుడికి తెలుసు, పాపం కథానాయకుడికే తెలియదు. అంటే కోర్టులో గెలవకముందే అతను ప్రేక్షకుల ముందు ఓడిపోయాడన్నమాట.

సత్యజిత్ రాయ్ 1960లో తీసిన బెంగాలీ చిత్రం 'దేవి' ఆ పని చేయలేదు. కోడలు సాక్షాత్తూ కాళికాదేవి అని మామగారికి కల వస్తుంది. పదిహేడేళ్ల పిల్లను పీట మీద కూర్చోబెట్టి హారతులు పడతారు. జబ్బుపడ్డ ఓ పిల్లవాణ్ని తెచ్చి ఆమె ముందు పడుకోబెడితే కళ్లు తెరుస్తాడు. మహిమా? కాకతాళీయమా? రాయ్ చెప్పడు. తర్వాత తను ప్రాణంలా చూసుకునే ఆ ఇంటి పసివాడికే జ్వరం వస్తే, వైద్యుడికి బదులు ఆమె ఒడిలో పెడతారు. బిడ్డ దక్కడు. మామగారు దుర్మార్గుడేం కాదు, మనసారా నమ్మినవాడు. అందుకే ఆ కథ ఎవరి ఇంట్లోనైనా జరిగేలా ఉంటుంది, భయపెడుతుంది.

ఇక నమ్మకం లేని మనిషి మంచివాడిగానే మిగిలిన కథ కావాలంటే కమల్‌హాసన్ ఉన్నాడు. తమిళ 'అన్బే శివం' తెలుగులో 'సత్యమే శివం'గా 2003లో వచ్చింది. అందులో మాటకు ముందు శివుణ్ని తలుచుకునే యజమాని కూలీలకు అన్యాయం చేస్తాడు. దేవుణ్ని నమ్మని కథానాయకుడు తనను చంపడానికి వచ్చినవాణ్నీ క్షమిస్తాడు. తోటి మనిషిపై ప్రేమే అతనికి దైవం. ఏ గంటా మోగక్కర్లేకుండానే కథ ముగుస్తుంది.

ఇలాంటి మనుషులు తెలుగు నేలకు కొత్త కాదు. గోరాగా పేరొందిన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. ప్రార్థన మానని గాంధీజీతో ఆయన దేవుడి గురించి వాదించారు, ఆయనతో కలిసి అంటరానితనం మీద పోరాడారు. గోరా కూతురికి దళిత యువకుడితో సేవాగ్రామ్‌లో తానే పెళ్లి జరిపిస్తానని గాంధీజీ మాటిచ్చారు. ఆయన హత్య తర్వాత, 1948లో, ఆ పెళ్లి అక్కడే జరిగింది. ఒకరినొకరు మార్చుకోలేకపోయిన ఇద్దరు ఒకరినొకరు గౌరవించుకున్న కథ ఇది. ఇంతకంటే మంచి సన్నివేశం ఏ రచయిత రాయగలడు?

తెలుగిళ్లలోనూ అంతే కదా. అమ్మ దర్శనానికి వెళితే కొడుకు బయట చెప్పులకు కాపలా ఉంటాడు. లోపలికి రాడు గానీ ప్రసాదం వద్దనడు. అమ్మ కూడా ముందు అతని చేతిలోనే పెడుతుంది. వీళ్లిద్దరి మధ్య తీర్పు చెప్పడానికి ఏ స్తంభమూ బద్దలవ్వాల్సిన అవసరం లేదు. సినిమా కూడా ఆ కొడుకును గుడిలోకి లాక్కెళ్లకుండా, విలన్‌నూ చేయకుండా, ఉన్నవాణ్ని ఉన్నట్టు ఇంటికి పంపగలిగితే చాలు.