కడగొట్టు కుళాయి దగ్గర్నుంచి లెక్క మొదలెట్టాలి

వరదొచ్చినా, తుఫానొచ్చినా, ఎండాకాలం చెరువు అడుగంటినా పెద్దలు ఒకే మాట అంటారు: ‘ప్రకృతికి కులం లేదు, కష్టకాలంలో కులం గొడవ ఎత్తొద్దు.’ నిజమే, వానకు కులం లేదు. కానీ వాన నీళ్లు నిలబడే పల్లానికి కులం ఉంది. పైపులైను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయిందో దానికి కులం ఉంది. ట్యాంకరు ఏ వీధి మొగదల ఆగుతుందో దానికీ ఉంది. మంచినీళ్ల కరువు ఊరికి నాలుగు రోజుల ఆపద. మాలపల్లెకు, మాదిగపల్లెకు అది పాత చుట్టమే. ఆపద రోజుల్లో ఆ చుట్టం చావును వెంటబెట్టుకొస్తుంది.

మనవాళ్లలోనే కొందరు మిత్రులు అడుగుతున్నారు, బ్లీచింగు పౌడరు, ట్యాంకర్లు, పైపులు ఇవన్నీ స్వచ్ఛంద సంస్థల పని కదా, ఉద్యమం భూమి గురించి, రాజ్యాధికారం గురించి మాట్లాడాలి కదా అని. వాళ్లకు మేము చెప్పేది ఒక్కటే. మన ఉద్యమం పుట్టిందే మంచినీళ్ల దగ్గర. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని మహద్‌లో చౌదారు చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువులో పశువులు తాగొచ్చు, మనిషి తాగకూడదు! మనం ముట్టిన నీళ్లను సవర్ణులు పేడ, పంచితం కుమ్మరించి ‘శుద్ధి’ చేసుకున్నారు. ఆ హక్కు మీద కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. కారంచేడు మాత్రం? మాదిగలు తాగే నీళ్లలో గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే ఒకతను వద్దన్నాడు. అతన్ని కొట్టబోతే నీళ్లకొచ్చిన తల్లి బిందె ఎత్తింది. అంతే. మర్నాడు, 1985 జూలై 17న, ఆరుగురిని చంపారు, ఆడవాళ్లను చెరిచారు. ఆ నెత్తుటిలోంచే దళిత మహాసభ వచ్చింది. కాబట్టి నీళ్లు చిన్న విషయం అని మనం అనలేం.

ఇప్పుడు చెరువు గట్టు మీద కర్రతో కాపలా ఉండక్కర్లేదు. ఆ పని పైపులైనే చేసిపెడుతోంది. ఓవర్‌హెడ్ ట్యాంకు ఊరి నడుమ. పల్లె పైపు చివర. రోజుకు గంటో రెండు గంటలో నీళ్లు వదులుతారు. ఊళ్లో మేడలవాళ్లు కుళాయికి మోటారు బిగించి లాగేస్తారు. చివరికి వచ్చేసరికి ఒత్తిడి ఉండదు. మనవాళ్లు కుళాయి కింద గుంట తవ్వి, అందులో దిగి, బిందె పెట్టి పట్టుకుంటారు. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ పైపు ఊరుకోదు, పీలుస్తుంది. లీకు పక్కన మురిక్కాలవ ఉంటే మురుగునే పీలుస్తుంది. గుంటలో నిలిచిన నీళ్లూ అందులోకే పోతాయి. ట్యాంకులో కలిపిన క్లోరిన్ దారిలోనే అయిపోతుంది. మర్నాడు ఆ మురుగంతా కడగొట్టు కుళాయిలో దిగుతుంది. వాన పడ్డ వారానికి పల్లెలో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అప్పుడు వైద్య శిబిరం పెట్టి ‘వీళ్లకు శుభ్రత లేదు’ అని రాసుకుపోతారు! బడిలో ముందు ఖాళీ అయ్యేది ఏ పిల్లల వరసో పంతుళ్లం మేము హాజరు పట్టీలోనే చూస్తున్నాం.

పట్నాల్లోనూ ఇదే కథ. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటి గొట్టాల్లో మురుగు కలిసి అతిసార ప్రబలింది. పదిమందికి పైగా చనిపోయారని పత్రికలు రాశాయి. దెబ్బతిన్నది ఆనందపేట లాంటి పేదల బస్తీలే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. చుట్టూ పీకల్లోతు నీళ్లు, తాగడానికి చుక్క లేదు. పడవలు, ట్రాక్టర్లు వచ్చాయి గానీ లోపలి వీధుల జనం ఎదురుచూస్తూ అల్లాడిపోయారు. తర్వాత బురద ఎత్తడానికి మాత్రం ఇతర మున్సిపాలిటీల నుంచి కూడా పారిశుద్ధ్య కార్మికులను రప్పించారు. వాళ్లలో ఎక్కువమంది ఎవరి బిడ్డలో వేరే చెప్పాలా? ట్యాంకు కడిగేది మనం, కాలవలో దిగేది మనం, నీళ్లు చేరేది మాత్రం చివరగా మనకు.

2004 డిసెంబరు సునామీ తర్వాత నాగపట్నం వైపు సహాయ శిబిరాల్లో దళితులను నీళ్ల ట్యాంకు ముట్టనివ్వలేదని హక్కుల సంఘాలు రాశాయి. సముద్రం అందరినీ ముంచింది, ట్యాంకు దగ్గర మాత్రం కులం తేలింది. 2022 డిసెంబరులో అదే తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లా వేంగైవయల్‌లో, దళితులు తాగే ఓవర్‌హెడ్ ట్యాంకులో మలం కలిపారు. పిల్లలు జబ్బు పడితే గానీ బయటపడలేదు. రెండేళ్లు నానబెట్టి, 2025 జనవరిలో పోలీసులు ఆ వాడ దళితులనే ముగ్గురిని ముద్దాయిలుగా చూపారు. వాడ దాన్ని ఒప్పుకోలేదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. మనం వాడే నీళ్లను పాడుచేయడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 61 సహాయంలో కుల వివక్ష చూపకూడదంటుంది. ప్రతి జిల్లాకూ విపత్తు ప్రణాళిక ఉండాలనీ ఆ చట్టమే చెప్పింది. ఆ ప్రణాళికలో మీ పల్లె పేరు ఎక్కడుందో చూపించమని కలెక్టరాఫీసులో అడగండి. అది కాగితంలో లేకపోతే ట్యాంకరు రూట్లోనూ ఉండదు.

మేము కోరేది దయ కాదు, లెక్క. ఆ లెక్క ఊరి చావడి నుంచి కాదు, కడగొట్టు కుళాయి నుంచి మొదలవ్వాలి.

1. పల్లెలో మనుషులెందరు, మంచానపడ్డవాళ్లు, బాలింతలు ఎందరు అనేది ఎండాకాలం ముందు ఒకసారి, వానాకాలం ముందు ఒకసారి గ్రామసభలో చదవాలి. మామూలు రోజుల్లో మనిషికి 55 లీటర్లు అని 2019 నాటి జల్ జీవన్ మిషన్ చెప్పింది. ఆపదలో 15 లీటర్లన్నా ఉండాలన్నది ప్రపంచమంతా సహాయ సంస్థలు ఒప్పుకున్న కొలత. 200 ఇళ్లు, 800 మంది అనుకుంటే రోజుకు 12,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు. ఒక్కటి పంపి ఫోటో దిగితే మనిషికి వచ్చేది ఆరు లీటర్లు!

2. ట్యాంకరు ఆగే చోటు ముందే రాసిపెట్టాలి. గుడి ముందు కాదు, పల్లె నడుమ ఆగాలి.

3. కరెంటు పోతే మోటారుకు జనరేటరు ఎక్కడ్నుంచి వస్తుందో తేల్చాలి. ఇంటింటికీ కుళాయి వచ్చిందని వదిలేసిన బోరింగులను బాగుచేసి, వరద అందని ఎత్తులో చప్టా కట్టాలి.

4. క్లోరిన్ పరీక్ష ట్యాంకు కింద కాదు, కడగొట్టు కుళాయి దగ్గర చేయాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్నా ఉండాలి. వ్యాధి ప్రబలినప్పుడు 0.5 ఉండాలి. ఆ పుస్తకంలో పల్లె మనిషి సంతకం ఉండాలి.

5. ట్యాంకు కడిగే మనిషికి, కాలవలో దిగే మనిషికి బూట్లు, గ్లవ్స్, సరైన కూలి ముందుగా ఇవ్వాలి. ట్యాంకు మూతకు తాళం వేయాలి.

సర్కారు చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూచోకూడదు. ప్రతి పల్లెలో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు కుర్రాళ్లు ఈ పని నేర్చుకోవాలి. తేటగా ఉన్న 1,000 లీటర్ల నీళ్లకు మంచి బ్లీచింగు పౌడరు రెండున్నర గ్రాములు కలిపి గంట ఆగాలి. సంచి విప్పి తేమలో వదిలేసిన పౌడరులో పస ఉండదు. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు తేర్చి గుడ్డలో వడకట్టాలి. అనుమానముంటే కళపెళ మరగబెట్టాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగిస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. నీళ్లు ఎన్నాళ్లు రాలేదో, ట్యాంకరు ఎన్నిసార్లు వచ్చిందో తారీఖులతో నోటు పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకమే రేపు కోర్టులో మన సాక్షి.

అన్నలారా, అక్కలారా! ఆపద వచ్చినరోజు బిందె పట్టుకుని పరుగెత్తితే మనకు దొరికేది తోపులాట, తిట్లు. ఆపద రాకముందే లెక్కల కాగితం పట్టుకుని గ్రామసభకు పోదాం. ఆ సభలో వినకపోతే మండలాఫీసు ముందు ఖాళీ బిందెలతో కూచుందాం. బిందె ఎత్తిన కారంచేడు తల్లి మనకు నేర్పిన పాఠం ఇదే. నీళ్లు అడుక్కునేవి కావు.

జై భీం.