గిన్నె ఖాళీగా తిరిగివ్వం కదా!

పక్కింటి నుంచి గిన్నెలో కూర వస్తే, ఆ గిన్నెను మనం ఖాళీగా తిరిగివ్వం. కనీసం చిటికెడు చక్కెరైనా వేసి పంపుతాం. ఇదే మర్యాదతో నడిచే ఆట ఒకటుందంటే నమ్ముతారా?

దాని పేరు జియోకాషింగ్. ఉపగ్రహాల సాయంతో మనం ఎక్కడున్నామో చెప్పే జీపీఎస్ 2000 మే నెలలో సామాన్యులకు కచ్చితంగా పనిచేయడం మొదలైంది. వెంటనే, మే 3న, అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్టు దాచి, అదున్న చోటును అంకెల్లో ప్రకటించారు. దొరికినవాళ్లు అందులోంచి ఒక వస్తువు తీసుకుని, మరొకటి పెట్టి, పుస్తకంలో పేరు రాయాలి. ఇప్పుడు ఫోన్లు పట్టుకుని ఎన్నో దేశాల్లో ఆడుతున్నారు.

మన సీమలో మాత్రం డబ్బాలు దాచడం వద్దమ్మా! నాటుబాంబుల కాలం చూసిన ఊళ్లు మనవి. ఎవరిదో తెలియని డబ్బాను ముట్టుకోవద్దనే పిల్లలకు నేర్పాలి. జమ్మలమడుగు దగ్గర మా పల్లెలో నా చిన్నప్పుడు "ఆ వీధిలోకి పోవద్దు" అనేవాళ్లు. పెళ్లయి వెళ్లేదాకా అక్కడి బావి నీళ్లు తీపో ఉప్పో నాకు తెలీదు. కక్షలు చల్లారినా ఆ గీతలు మనసుల్లో చెరగవు.

అందుకే ఆటను కాస్త మార్చుకుందాం. డబ్బాను దాచకుండా, అవతలి వీధిలో ఒకావిడను ముందే అడిగి ఆమె చేతికివ్వండి. దారి గుర్తులు చీటీల మీద రాయండి. ప్రొద్దుటూరులో అమ్మవారిశాల, పెన్న ఒడ్డున రామేశ్వరం. జమ్మలమడుగులో నారాపురస్వామి గుడి, క్యాంప్‌బెల్ ఆసుపత్రి. పులివెందులలో రంగనాథస్వామి గుడి. చివరి చీటీ ఆవిడ గడపకు చేర్చాలి. పిల్లలు తలుపు తట్టి "అత్తా, డబ్బా మీ దగ్గరుందా?" అని అడగాలి. పెద్దవాళ్లొకరు తోడుండాలి సుమా.

డబ్బా లేకుండా, చోటు చూసి జవాబు చెప్పే పద్ధతీ ఉంది. గండికోటకు అదే బాగు. మాధవరాయస్వామి గోపురం అంతస్తులెన్ని? మసీదు మినార్లెన్ని? రెండూ ఒకే కోటలో ఉన్నాయి, పిల్లల్నే లెక్కపెట్టనివ్వండి. లోయ అంచుకు మాత్రం పోనివ్వకండి.

డబ్బాలో ఏం పెట్టాలంటారా? నాలుగు నిప్పట్లు చాలు. అవి తీసుకుని ఆవిడ బొరుగుల ఉండలు పెట్టిందనుకోండి, ఆ డబ్బా మళ్లీ పంపేటప్పుడు మీరు ఖాళీగా పంపగలరా? రాకపోకలు అలాగే మొదలవుతాయి!