తెల్లని ముఖానికి కంచు ఛాయ

పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెతను మనవాళ్ళు అవసరమున్నచోటా లేనిచోటా వాడేస్తూ ఉంటారు. తెల్లదొరసానులు ముఖానికి గోధుమరంగు పొడి అద్దుకుంటారన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ సామెత చెప్పి, "చూశారా, వాళ్ళకు మన రంగు కావాలి, మనకు వాళ్ళ రంగు కావాలి, చెల్లుకు చెల్లు" అని తేల్చేస్తారు. ఆ లెక్క సరిపోలేదని నా అభిప్రాయం. ఎందుకు సరిపోలేదో చెప్పాలంటే ముందుగా ఆ పొడి సంగతి, మరీ తెల్లని చర్మం గలవారు దానిని ఎంచుకోవలసిన పద్ధతి కొంత వివరంగా చెప్పుకోవాలి. ముఖాలంకరణ సాహిత్యప్రియులకు తగిన విషయం కాదని నొసలు చిట్లించేవారు, మన ప్రబంధాలలోని నాయికా వర్ణనలను ఒక్కసారి తలచుకోగలరు!

ఆ పొడి పేరు బ్రాంజర్. బ్రాంజ్ అంటే కంచు కనుక, ముఖానికి కంచు ఛాయ తెచ్చేదని అర్థం. ఎండలో తిరిగి వచ్చిన తెల్లవారి ముఖంపై కనిపించే వెచ్చని గోధుమవన్నెను ఎండతో పనిలేకుండా తెచ్చిపెట్టడం దాని పని. పొడిగానూ దొరుకుతుంది, లేపనంగానూ దొరుకుతుంది. రంగునిచ్చేవి ప్రధానంగా ఇనుప ఆక్సైడులే: ఎరుపు, పసుపు, నలుపు. ఈ మూడింటి పాళ్ళు మార్చుతూ పోతే గోధుమవన్నెలు ఎన్నైనా వస్తాయి. మన జేగురు కూడా ఆ ఎర్ర ఆక్సైడుకు చుట్టమే. 1984లో ఫ్రాన్సుకు చెందిన గెర్లాన్ సంస్థ ఇలాంటి పొడినొకదానిని 'టెర్రకోటా' అన్న పేరుతో విడుదల చేసింది. టెర్రకోటా అంటే కాల్చిన మట్టి. పారిస్ అంగళ్ళ అద్దాల బల్లలపై మన పెంకుటింటి రంగు కొలువు తీరిందన్నమాట!

ఇక్కడ భాష గురించి ఒక మాట. ఇంగ్లీషులో 'పేల్' అన్న మాటకు తెలుగులో సరైన జోడు నాకు దొరకలేదు. పాలిపోవడం మనకు జబ్బు లక్షణం. తెల్లగా ఉన్నవారిని మనం తెల్లగా ఉన్నారని ఊరుకోము, 'ఎర్రగా బుర్రగా' ఉన్నారంటాము. మనం మెచ్చే తెలుపులో ఎప్పుడూ ఒక ఎర్ర జీరో, పసిమి జీరో ఉంటుంది. కానీ ఆ జీర లేని తెలుపు ఒకటుంది. ఐర్లండులోనూ స్కాట్లండులోనూ ఎర్రజుట్టు గలవారిలో తరచుగా కనిపించేది అదే. 1975లో హార్వర్డు విశ్వవిద్యాలయపు చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్, ఎండకు చర్మం స్పందించే తీరునుబట్టి మనుషులను వర్గీకరించాడు. అందులో మొదటి వర్గం వారి చర్మం ఎండలో ఎప్పుడూ కాలుతుంది, ఎన్నడూ కంచు రంగుకు తిరగదు. ఎండలో ఎంతసేపు పడుకున్నా వారికి మిగిలేది బొబ్బలే. నేను మాట్లాడుతున్నది ముఖ్యంగా వీరి గురించి.

ఈ కోరిక తెల్లవారికి అనాదిగా ఉన్నదేమీ కాదు. పొలంలో పనిచేసేవారు కమిలిన ముఖాలతోనూ, పనిచేయనక్కరలేనివారు తెల్లని ముఖాలతోనూ ఉన్నంతకాలం యూరపు కులీన స్త్రీలు సీసపు తెలుపు పూసుకుని, గొడుగు నీడన నడిచారు. కూలిజనం గనులలోకి, కర్మాగారాల చీకట్లోకి వెళ్ళాక లెక్క తిరగబడింది. 1903లో నీల్స్ ఫిన్సెన్‌కు, చర్మక్షయకు కాంతితో చికిత్స చేసినందుకు నోబెల్ బహుమతి రావడంతో వెలుతురుకు వైద్యగౌరవం కూడా దక్కింది. 1923లో కోకో షనెల్ మధ్యధరా తీరం నుంచి కమిలిన మేనితో తిరిగిరావడంతో ఈ ఫ్యాషను మొదలైందని కథగా చెబుతారు. ఒక్క మనిషి వల్ల ఒక రంగుకు పట్టాభిషేకం జరుగుతుందంటే నేను నమ్మలేను. నాకు 1936వ సంవత్సరం ఎక్కువ ముఖ్యంగా తోస్తుంది. ఆ ఏడు ఫ్రాన్సులో కార్మికులందరికీ జీతంతో కూడిన రెండు వారాల సెలవు చట్టమయింది. సముద్రతీరాలు నిండాయి. ఎండకు కమిలిన ముఖం అంటే సెలవు గడిపి వచ్చిన ముఖం అన్న అర్థం అప్పటినుంచి జనసామాన్యంలోకి దిగింది. మనకు ఎండ అంటే చాకిరీ. వాళ్ళకు ఎండ అంటే తీరిక. ముఖం మీది ఒకే మార్పును రెండు సమాజాలు రెండు రకాలుగా చదువుకుంటున్నాయి.

ఆ తీరికకు మూల్యం మాత్రం పెద్దదే. కృత్రిమంగా అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసే పడకలను 2009లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గపు క్యాన్సర్ కారకాలలో చేర్చింది. అదే ఏడు బ్రెజిల్ వాటిని నిషేధించింది. ఇక మిగిలిన మార్గాలు రెండే. ఒకటి డైహైడ్రాక్సీఅసిటోన్ అనే రసాయనం కలిపిన లేపనం. 1950లలో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఈవా విట్‌గెన్‌స్టైన్ పిల్లల జబ్బు ఒకదానికోసం దీనిని తాగించి పరిశీలిస్తుండగా, ఒలికినచోట చర్మం గోధుమరంగుకు మారడం గమనించింది. రొట్టె కాలినప్పుడు పైపెచ్చు ఎర్రబడే రసాయన చర్య వంటిదే చర్మపు పైపొరలోనూ జరుగుతుంది. వారం పది రోజులకు ఆ పొర రాలిపోయేదాకా రంగు ఉంటుంది. చీలమండల దగ్గర, మోచేతుల దగ్గర మరకలుగా పేరుకుంటుంది. పైగా దాని రంగు ఎండను ఆపుతుందనుకుంటే పొరపాటు. రెండవది బ్రాంజర్, సాయంత్రానికి కడిగేస్తే పోతుంది. ఫిట్జ్‌పాట్రిక్ మొదటి వర్గం వారికి నా ఓటు దీనికే.

సరే, ఎంచుకోవడం ఎలా? మరీ తెల్లనివారు ఈ పొడి కొని నాలుగు రోజులకే సొరుగులో పడేయడానికి కారణం చాలావరకు ఒక్కటే, రంగు ముదరడం. డబ్బాపై 'లైట్' అని రాసి ఉన్నంతమాత్రాన అది మన ఐరిష్ అమ్మాయికి తగినదని కాదు. ఆ 'లైట్' తరచుగా ఇటలీవారి తెలుపును ఉద్దేశించినదై ఉంటుంది. బెనిఫిట్ సంస్థవారి 'హూలా' అనే పొడి సంగతే చూడండి. ఎంతో పేరున్నది, మెరుపులేనిది, మంచిది. అయినా పాలవంటి చర్మంపై అది బురద పూసినట్లుండేది. అటుపిమ్మట వాళ్ళే 'హూలా లైట్' తెచ్చారు (రెండవ కొసన నల్లనివారికోసం 'క్యారమెల్', 'టోస్టెడ్' అన్నవీ వచ్చాయి). కడిగిన ముఖం రంగుకంటే ఒక మెట్టు, మించితే రెండు మెట్లు ముదురుగా ఉండాలి. అంతకుమించి వద్దు. డబ్బాలో చూసినప్పుడు "ఇది కనిపిస్తుందా అసలు?" అన్న అనుమానం కలిగేదే సాధారణంగా సరైనది.

తరువాతది జీర. తెలుపులోనూ గులాబి జీర, పసుపు జీర, ఏ జీరా తేలనిది అని తేడాలున్నాయి. మణికట్టు నరాలు నీలంగా ఉన్నాయా ఆకుపచ్చగా ఉన్నాయా చూసుకొమ్మనే సలహా ఒకటి విరివిగా ప్రచారంలో ఉంది. నాకు దానిపై గురి లేదు. దీపం మారితే నరం రంగు మారుతుంది. అంతకంటే, ముఖంపై చిన్న చిన్న గోధుమ మచ్చలుంటే (ఎర్రజుట్టువారికి తరచుగా ఉంటాయి) వాటి రంగు చూసుకోవడం ఎంతో నయం. ఆ చర్మం ఎండలో తనంతట తాను తెచ్చుకోగలిగిన గోధుమవన్నె అదొక్కటే. పొడి దానికి దగ్గరగా ఉంటే ముఖం ఒప్పుకుంటుంది. పసుపు, ఎరుపు ఆక్సైడులు మోతాదు మించిన పొడి నల్లని చర్మంపై వెచ్చగా కలిసిపోవచ్చుగానీ, తెల్లని చర్మంపై నారింజపండు తొక్కలా విడిగా తేలిపోతుంది. గులాబి జీర గలవారు కాస్త తటస్థంగా, పిసరంత గులాబి కలిసిన గోధుమవన్నెను చూసుకోవాలి.

తళుకుల జోలికి పోవద్దు. అభ్రకపు రేణువులు పెద్దవైతే చర్మరంధ్రాలన్నీ లెక్కపెట్టుకునేటట్లు కనిపిస్తాయి. పొడిచర్మం వారికి లేపనం, జిడ్డుచర్మం వారికి పొడి నయం. ఇంకొకటి: పూసిన వెంటనే తీర్పు చెప్పకూడదు. తడిసిన మట్టి పొడిమట్టి కంటే నల్లగా కనిపించినట్లే, చర్మపు జిడ్డు పీల్చుకున్నాక పొడి ముదురుతుంది. అంగడిలో పూయించుకుని, అక్కడి దీపాలను నమ్మక, బయటకు వచ్చి ఒక గంట తిరిగి, పగటి వెలుతురులో అద్దం చూసుకున్నాకనే డబ్బు తీయాలి.

పూయవలసిన చోటు గురించి తెలుగు మనకొక చిక్కు తెచ్చిపెడుతున్నది. ఛాయ అంటే రంగూ అవుతుంది, నీడా అవుతుంది. అలంకరణలో ఈ రెండూ వేరు. దవడ కింద, చెంపల గుంటలలో నీడను కల్పించి ముఖాన్ని సన్నగా చూపే పొడి వేరొకటుంది. అది చల్లని బూడిద జీరతో ఉండాలి. బ్రాంజర్ నీడ కాదు, ఎండ. కనుక ఎండ తగిలే చోటనే వేయాలి: నుదుటి పైభాగం, చెంప ఎముకల మీద, ముక్కు దూలం, గడ్డం. నుదురు నుంచి చెంపకు, చెంప నుంచి దవడకు 3 అంకె గీసినట్లు కుంచె తిప్పమంటారు అలంకరణ నిపుణులు (మన తెలుగు ౩ అయినా ఆకారం చెడదు!). కుంచె పెద్దది, మెత్తనిది కావాలి. చిన్న కుంచెతో చారలు పడతాయి. మెడను మరిచిపోతే ముఖం వేరొకరిది అరువు తెచ్చినట్లుంటుంది.

ఇదంతా రాస్తుంటే పసుపు గుర్తుకొస్తున్నది. ముఖానికి పసుపు రాసుకునే అలవాటున్న మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఈ విద్య బాగా తెలుసు. రాసుకోవడంలో గొప్పేమీ లేదు, కడుక్కోవడంలోనే ఉన్నది నేర్పంతా. పసుపు కనిపించకూడదు, పసిమి కనిపించాలి. తెల్లని ముఖానికి నప్పే బ్రాంజర్ కూడా సరిగ్గా అంతే. అది ఆ ముఖాన్ని కాదనదు. ఆ ముఖం ఒక మంచి సెలవు గడిపి వస్తే ఎలా ఉంటుందో అంతవరకే చెబుతుంది.

ఇప్పుడు మొదటి లెక్కకు వద్దాము. ఫిట్జ్‌పాట్రిక్ తన వర్గీకరణ చేసిన 1975లోనే మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ అమ్మకానికి వచ్చింది. దాని ప్రకటనలు దశాబ్దాలపాటు చెప్పిన కథ ఏమిటి? నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు. తెల్లబడితే రెండూ వస్తాయి. బ్రాంజర్ అమ్మేవాడు ఏనాడైనా "నీవు తెల్లగా ఉన్నావు కనుక నీకు పెళ్ళికాదు" అన్నాడా? ఐర్లండులో తెల్లని పిల్ల పుట్టిందని మంత్రసాని జాలిపడిందా? ఒకరిది సరదా. రెండవవారిది గండం గట్టెక్కే ప్రయత్నం. రెండింటినీ ఒకే సామెత కింద కట్టడం అన్యాయం. 2020లో ఆ క్రీము పేరులోంచి 'ఫెయిర్' పోయి 'గ్లో' వచ్చింది. అదే ఏడు షాదీ డాట్ కామ్ చర్మపు రంగునుబట్టి సంబంధాలు వెతికే సదుపాయాన్ని తొలగించింది. మంచిదే. కానీ అంతవరకూ ఆ సదుపాయం ఉన్నదని, దాన్ని నొక్కినవారున్నారని మరువలేము.

"మరి వాళ్ళు మన రంగును మెచ్చుకుంటున్నారుగా" అనే మాట ఒకటుంది. 2013 సెప్టెంబరులో తెలుగు తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం గెలిచింది. ఆ రాత్రే అక్కడ ఆమెను అరబ్బు అనీ ఉగ్రవాది అనీ దూషిస్తూ సందేశాలు వెల్లువెత్తాయి. ఇక్కడేమో, ఈ రంగుతో మన దేశంలో పోటీకి దిగి ఉంటే గెలిచేదేనా అన్న చర్చ పత్రికలకెక్కింది. అంటే డబ్బాలోని కంచు రంగుకు దక్కిన మర్యాద పుట్టుకతో వచ్చిన కంచు రంగుకు అటూ దక్కలేదు, ఇటూ దక్కలేదు. వాళ్ళు మెచ్చుకుంటున్నది సెలవును, మనలను కాదు.

అందుకే ఒకటి రెండు మెట్ల నియమం నాకు అందానికి మించిన విషయంగా కనిపిస్తుంది. ఆ మెట్లు దాటి, తెల్లని అమ్మాయిలు నల్లజాతి స్త్రీలా అని భ్రమింపజేసేంత ముదురుగా పూసుకుని ఫోటోలు దిగడం పెరిగాక, 2018లో దానికి 'బ్లాక్‌ఫిషింగ్' అన్న పేరు పుట్టింది. ఆ రంగుతో పుట్టినవారు పడే బాధలేవీ పడకుండా, దానివల్ల వచ్చే ఆకర్షణ మాత్రం పుచ్చుకోవడం అది. నారింజ తొక్క వికారం నవ్వుకుని వదిలేయవచ్చు. దీనిని అలా వదిలేయలేము.

విదేశాలలో ఉన్న మన ఆడపడుచులను తెల్లని సహోద్యోగినులు "నీ రంగు ఎంత బాగుందో, నాకెలా వస్తుంది?" అని అడుగుతూనే ఉంటారు. సిగ్గుపడి "అయ్యో, మీ రంగే బాగుంటుంది" అనడం మనవాళ్ళకు అలవాటు. ఆ మాట అనకండి. ఎండలో పడుకోవద్దనీ, టోపీ మరువవద్దనీ చెప్పి, ఉన్నవాటిలో అన్నిటికంటే లేత, మెరుపులేని డబ్బా చూపించి, పగటి వెలుతురులోకి తీసుకువెళ్ళి అద్దం పట్టుకోండి.