పేరెవరిది? పనెవరిది?

కావలివాడు మేలుకొని ఉన్నంతకాలం అతని ఉనికి ఎవరికీ గుర్తురాదు. బ్యాంకులలో, ఆసుపత్రులలో, విశ్వవిద్యాలయాలలో రేయింబవళ్లు పనిచేసే కంప్యూటర్లను కనిపెట్టి ఉండే ప్రోగ్రాములు వేరే ఉంటాయన్న సంగతి సామాన్యులకు తెలియకపోవడంలో వింత లేదు. అటువంటి కావలి ప్రోగ్రాములలో ప్రసిద్ధమైనది నాగియోస్. దాని చరిత్ర సాంకేతిక నిపుణులకు మాత్రమే పరిమితమైనది కాదు. పదిమంది చేతులలో పెరిగిన వస్తువుకు యజమాని ఎవరన్న ప్రశ్న అందులో ఇమిడి ఉన్నది.

అమెరికాకు చెందిన ఈథన్ గాల్‌స్టాడ్ 1996లో ఒక చిన్న డాస్ ప్రోగ్రామును రాశారు. నెట్‌వర్కులోని సర్వర్లు పలుకుతున్నవో లేదో పరీక్షించి, పలకనప్పుడు పేజరుకు అంకెల సందేశం పంపడమే దాని పని. 1998లో లైనక్స్ కొరకు దానిని మరింత విపులంగా రూపొందించడానికి పూనుకొని, 1999లో ‘నెట్‌సెయింట్’ అన్న పేరుతో విడుదల చేశారు. మూలకోడును సైతం లోకానికి అప్పగించారు. ఎవరైనా దానిని చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. అయితే మార్చి పంచేవారు తమ మార్పులను కూడా అదే షరతుపై ఇవ్వాలి.

ఈ ప్రోగ్రాము నిర్మాణంలో గొప్ప వివేకం కనిపిస్తుంది. అది స్వయంగా దేనినీ పరీక్షించదు. ఆ పనిని ప్లగిన్లు అనే చిన్న చిన్న ప్రోగ్రాములకు ఒప్పగిస్తుంది. ప్రతి ప్లగిన్ ఒక అంకెతో బదులు చెప్పాలి. 0 అంటే క్షేమం, 1 అంటే హెచ్చరిక, 2 అంటే ప్రమాదం, 3 అంటే తెలియదు. (తెలియదని ఒప్పుకోవడం మనుషులలోనే అరుదు; ఇక్కడ దానికొక అంకెనే కేటాయించారు.) ఈ చిన్న నియమం వల్ల ఏ కంప్యూటర్ భాష వచ్చినవారైనా ప్లగిన్ రాయగలిగారు. ఒక యంత్రం ఒకసారి పలకకపోతే నాగియోస్ వెంటనే గగ్గోలు పెట్టదు. నిర్ణయించినన్ని మార్లు మళ్లీ అడిగి, అప్పుడే అధికారిని లేపుతుంది. దారిలోని రౌటర్ చెడిపోతే, దాని వెనుకనున్న యంత్రాలన్నీ కూలిపోయినవని చెప్పదు. వాటిని చేరలేకున్నానని మాత్రమే చెబుతుంది. ‘నాన్నా, పులి’ కథ తెలిసినవారికి ఈ సంయమనం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

2002లో ట్రేడ్‌మార్కు చిక్కుల వల్ల నెట్‌సెయింట్ పేరును వదులుకొని, నాగియోస్ అన్న కొత్త పేరు పెట్టవలసి వచ్చింది. పేరు పోయినా పని నిలిచింది. 2007లో గాల్‌స్టాడ్ అదే పేరుతో ఒక కంపెనీని స్థాపించారు. చిక్కంతా అటుపిమ్మటే. స్వచ్ఛందంగా పనిచేసేవారు పంపిన మార్పులు ఒక్క వ్యక్తి ఆమోదం కొరకు వేచి ఉండవలసి వస్తున్నదన్న అసంతృప్తి పెరిగి, 2009 మే నెలలో కొందరు అదే కోడును తీసుకొని ‘ఐసింగా’ పేరుతో వేరుపడ్డారు.

దీనిని ద్రోహమని నిందించవచ్చునా? ఏళ్ల తరబడి పెంచినవాడికి బతుకుతెరువు కావాలన్న మాట న్యాయమే. తన పేరును కాపాడుకునే హక్కు కూడా ఆయనకు ఉన్నది. కానీ వేరుపడే స్వేచ్ఛను తొలినాడే లైసెన్సు రూపంలో ఇచ్చినవారు గాల్‌స్టాడే. ఇచ్చిన మాటను నమ్మి నడుచుకున్నవారిని ద్రోహులనడం తగదు. విచారించదగినది 2014నాటి వివాదం. ప్లగిన్ల వెబ్‌సైటును కంపెనీ తన అధీనంలోకి తీసుకోగా, ఏళ్లుగా వాటిని నిర్వహించిన స్వచ్ఛంద బృందం ‘మానిటరింగ్ ప్లగిన్స్’ అన్న మరో పేరు వెతుక్కోవలసి వచ్చింది. చట్టరీత్యా పేరు కంపెనీదే కావచ్చు; ఆ పేరుకు విలువ తెచ్చిన శ్రమలో మాత్రం అధికభాగం జీతం లేనివారిది.

అదే సంవత్సరం ఐసింగా రెండవ రూపం వెలువడింది. పాత కోడును పక్కనపెట్టి దానిని మొదటినుండి తిరగరాశారు. అయినా ఆ నాలుగు అంకెలను మాత్రం మార్చలేదు. నాగియోస్ కొరకు రాసిన ప్లగిన్లు అక్కడ కూడా పనిచేస్తున్నాయి.