కల్లంలో కాయ, ఫోనులో ఛాయ

"మాస్టారూ, మీరు పంపిన ఫోటోలో కాయ ఈ కల్లంలో లేదండీ!"

2024 ఫిబ్రవరిలో మా మేనల్లుడి మిరపకల్లంలో ఒక వ్యాపారి నాతో అన్న మాట ఇది. ముప్పై నాలుగేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. పద్యంలో యతి తప్పితే పిల్లల ముందే ఒప్పుకొని దిద్దుకున్నాను గాని, లేనిది ఉన్నట్లు చెప్పానని ఎవరిచేతా అనిపించుకోలేదు. ఆ పూట అనిపించుకున్నాను. ఆ మాట నాకు తెచ్చిపెట్టినది నా జేబులోని ఫోను. కెమేరాను చూసి కొనే ఈ ఫోన్ల మంచిచెడ్డలను గురించి నాలుగు మాటలు చెప్పాలని అప్పటినుండీ అనుకుంటూ, ఇన్నాళ్ళకు కూర్చున్నాను. నా ఫోను పేరు మాత్రం చెప్పను. విచారించగా అది ఏ ఒక్క కంపెనీ గుణమూ కాదని తేలింది.

(చరవాణి అనే మాట వాడలేదేమని మిత్రులు కోప్పడతారేమో. మాట మంచిదే. కాని మా ఊళ్ళో ఎవరికీ చరవాణి లేదు, అందరికీ ఫోనే ఉంది.)

మా ఊరు చిలకలూరిపేట నుండి పర్చూరు పోయే దిక్కున, గుంటూరు ప్రకాశం జిల్లాల పాత పొలిమేరలో ఉంది. 2022లో జిల్లాలను విడగొట్టిన తరువాత ఇక్కడి ఊళ్ళ చిరునామాలు మారాయి గాని నల్లరేగడి మారలేదు, అందులో పండే పత్తీ మిరపా మారలేదు. మేనల్లుడికి రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. ఆ ఏడు కల్లంలో తాలు కొంచెం ఎక్కువగానే ఉంది. తాలు అంటే ఎరుపు తిరగక తెల్లబోయిన కాయ. దాన్ని కూలీల చేత ఏరించాలి. ఏరినదానికీ ఏరనిదానికీ ధరలో చాలా తేడా. గుంటూరు వ్యాపారి ఒకరు వాట్సాపులో ఫోటో పంపమన్నారు. "మామయ్యా, మీ ఫోను మంచిది గదా, మీరు తీయండి" అన్నాడు వాడు.

సాయంత్రం అయిదు గంటల వేళ, ఏటవాలు ఎండలో తీశాను. బొమ్మ చూసి నేనే మురిసిపోయాను. కుంకుమ రాశి పోసినట్లున్నది. వ్యాపారి అర్ధగంటలో ధర చెప్పారు, మేనల్లుడు సరే అన్నాడు. మూడోనాటి ఉదయం ఆయన బండితో వచ్చి, రాశిలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, ఒకటి విరిచి చూసి, మొదట రాసిన మాట అన్నారు. క్వింటాలుకు పదిహేను వందలు తగ్గించారు. ఆయన తప్పు లేదు. బండి వెళ్ళిన తరువాత మేనల్లుడు మెల్లగా, "మామయ్యా, ఫోటోకు రంగులేమన్నా దిద్దారా?" అని అడిగాడు. వాడు నా దగ్గర చదువుకున్నవాడు. వ్యాపారి మాటకన్నా ఆ ప్రశ్న నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నేను దిద్దలేదు. మరి ఎవరు దిద్దారు? ఆ రాత్రి ఫోను తీసుకొని వంటింట్లో డబ్బాలోని ఎండుమిరపకాయలను పళ్ళెంలో పోసి మళ్ళీ ఫోటో తీయబోయాను. అప్పుడు కనిపించింది, తెర మూలన చిన్న గిన్నె బొమ్మ. ఈ కాలపు ఫోన్లలో చాలావాటికి ఎదుట ఉన్నది మనిషా, పువ్వా, ఆకాశమా, భోజనమా అని పోల్చుకొనే తెలివి పెట్టారు. భోజనమని తోస్తే అది రంగులను ఇంకాస్త నిండుగా చేస్తుంది, నోరూరాలి గదా. కల్లంలో రాశిని చూసి నా ఫోను విస్తరి అనుకున్నదన్నమాట! దానికి తోడు సాయంకాలపు ఎండ పసుపు. ఆ వెలుగులో తెల్లకాయ కూడా ఎరుపు పూసుకుంటుంది. పైగా గాఢమైన ఎరుపు ఒక హద్దు దాటితే ఈ యంత్రాలు ఇక తేడా చూపలేవు. ముదురెరుపూ చాయ తక్కువ ఎరుపూ ఒకే ముద్దగా పడతాయి. తేజ కాయ రంగును బాడిగ రంగు నుండి గుడ్డివెలుతురులో కూడా విడదీయగల రైతు కన్ను ఎక్కడ, ఇది ఎక్కడ!

మన భాషలో ఛాయ అనే మాటకు నీడ అనీ, ప్రతిబింబమనీ, రంగు అనీ, కాంతి అనీ అర్థాలున్నాయి. ఛాయాగ్రహణం అంటే ఆ ఉన్నదాన్ని గ్రహించడం. నా ఫోను గ్రహించి ఊరుకోవడం లేదు, అలంకరిస్తున్నది. అలంకారశాస్త్రంలో అతిశయోక్తికి గౌరవస్థానమే ఉంది. సరుకుల బేరంలో దానికి వేరే పేరుంది.

నా బీరువాలో ఇంకొక ఫోను ఉంది. నోకియా 808 ప్యూర్‌వ్యూ. 2012లో వచ్చింది. అప్పట్లో సుమారు 34,000 రూపాయలు. మా అల్లుడు కొనిచ్చాడు గనుక సరిపోయింది, నా జీతం రాళ్ళతో కొనేది కాదు. ఫోను రూపంలో ఉన్న కెమేరా అని దాన్ని అనాలి. 41 మెగాపిక్సెళ్ళ కన్ను, కార్ల్ జైస్ కటకం, రాత్రిపూట మెరిసే జెనాన్ దీపం. దాని కిటుకు ముచ్చటైనది. మామూలుగా తీసే బొమ్మ 5 మెగాపిక్సెళ్ళదే. పక్కపక్కనున్న ఏడు చుక్కల వెలుగును కలిపి ఒక చుక్కగా చేస్తుంది. అందువల్ల చుక్క చుక్కకూ ఉండే గరుకుదనం పోయి బొమ్మ శుభ్రంగా వస్తుంది. లేని గీతను గీయదు. నేను దానితో తీసిన మిరపతోట ఫోటోలు ఇప్పుడు చూస్తే కొంచెం వెలవెలబోయినట్లుంటాయి. కాని ఆ రోజు తోట అలాగే ఉన్నది.

దాని లోపాలూ తక్కువేమీ కావు. నాలుగంగుళాల స్పర్శతెర మీద చుక్కలు 360 అడ్డం, 640 నిలువు మాత్రమే. అంత గొప్ప బొమ్మను తీసి అందులో చూసుకోవడం సముద్రాన్ని చెంబులో చూసుకోవడమే. వెనుక కెమేరా ఉన్నచోట గూని. లోపలి సింబియన్ వ్యవస్థకు అప్పటికే కాలం చెల్లుతున్నది. సింబియన్ మీద వచ్చే ఫోన్లలో ఇదే చివరిదని 2013 జనవరిలో కంపెనీయే ప్రకటించింది. 2017 జూన్ 30తో సింబియన్ ఫోన్లలో వాట్సాపు ఆగిపోయింది. ఆ తరువాత దానితో తీసిన బొమ్మను తీగ తగిలించి కంప్యూటరులోకి ఎక్కించుకోవాలే గాని, కల్లంలో నిలబడి గుంటూరుకు పంపలేము. నమ్మదగిన ఆ కన్నుకు ఇలా నోరు పోయింది. నా కొత్తదానికి నోరు ఉంది, ఉన్నది ఉన్నట్లు చెప్పడమే రాదు.

అయినా కొత్తదాన్ని ఊరికే తిట్టలేను, దాని ఋణం ఉంది. 2021లో మా వైపు మిరప మీదకు నల్ల తామరపురుగు వచ్చి పడింది. ఆకు అడుగున దాగే పాత తామరపురుగు రైతులకు తెలిసినదే. ఇది పూతలో చేరింది. పువ్వు విప్పితే మిల్లీమీటరు పొడవున నల్లగా కదిలేవి. పూత రాలిపోతున్నది, కొట్టిన మందు పనిచేయడం లేదు, అది ఏ పురుగో ఎవరికీ తెలియదు. మేనల్లుడు తుమ్మపూలు తెచ్చినట్లు చేతిరుమాలులో మిరపపూలు తెచ్చి నా ముందు పోశాడు. ఫోను దగ్గరగా పెడితే మసక. పెద్ద కన్ను ఉన్న కెమేరాకు ఇదొక సహజమైన బలహీనత: బాగా దగ్గరి వస్తువు మీద చూపు నిలవదు, నిలిచినా పువ్వు అంచు స్పష్టమైతే నడుమ అలుక్కుపోతుంది. చవక ఫోన్లలో దగ్గరి చూపుకని విడిగా పెట్టే 2 మెగాపిక్సెళ్ళ కెమేరాతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. గడియారాలు బాగుచేసేవారు కంటికి తగిలించుకొనే బుడ్డి అద్దం ఒకటి మా నాన్నగారిది ఉంటే, దాన్ని ఫోను కంటికి అడ్డం పెట్టి తీశాను. పురుగు కాళ్ళతో సహా కనిపించింది. ఆ సాయంత్రమే వ్యవసాయాధికారికి పంపాము, అదేమిటో ఆ రాత్రికే తెలిసింది. నీలం రంగు జిగురు అట్టలు పెట్టమన్నారు. పంట మొత్తం దక్కలేదు, కొంత దక్కింది. రంగుతో పనిలేని చోట, ఆకారమే ముఖ్యమైన చోట, ఈ ఫోను వరమే.

అలాగే పురుగుమందు సీసా మీద చీమతలలంత అక్షరాలను ఫోటో తీసి పెద్దవి చేసుకొని చదువుకోవచ్చు. అరవై దాటిన కళ్ళకు ఇది ఎంత ఉపకారమో నా ఈడువారికి చెప్పనక్కరలేదు. పత్తి దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. గులాబి రంగు పురుగు కాయ లోపల ఉంటుంది. ముడుచుకున్న గుడ్డిపువ్వును ఫోటో తీయగలం గాని, కాయను కోసి చూడటం మన పనే.

నాకు సొంతంగా ఉన్న పిచ్చి వేరు. మా ఊరి శివాలయం వెనుక ఒక శాసనపు రాయి సగం భూమిలో కూరుకొని ఉంది. పదవీ విరమణ తరువాత దాన్ని చదవాలని పట్టుదల పట్టింది. ఒకప్పుడైతే తడి కాగితాన్ని రాతికి అద్ది, కుంచెతో మొత్తి, సిరా పూసి ప్రతి తీసేవారు. ఇప్పుడు చీకటి పడ్డాక రాయి పక్కన నేలబారుగా టార్చి పట్టిస్తే చాలు, అరిగిన అక్షరాలలో కూడా నీడ పడుతుంది. ఫోను దాన్ని అద్భుతంగా పట్టుకుంటుంది. మొదటి రాత్రి నాలుగు పంక్తులు చదివి, ఆనందం పట్టలేక నిద్రపోలేదు.

అయిదో పంక్తిలో చిక్కుపడ్డాను. ఒక అక్షరం 'ప' అయితే దానం ఇచ్చినవాని పేరు ఒకటి, 'వ' అయితే ఇంకొకటి. ఈ రెంటికీ తేడా తల తెరిచి ఉన్నదా మూసి ఉన్నదా అన్నదే. ఫోటోలో నిస్సందేహంగా 'వ'. ఉదయం వెళ్ళి వేలితో తడిమితే అక్కడ గీత లేదు, రాతి సహజమైన పగులు ఉన్నది, అదీ సగం దూరమే. చీకట్లో ఈ ఫోను ఒకటి కాదు, వరుసగా అనేక బొమ్మలు తీసి కలుపుతుంది. గరుకును నునుపు చేస్తుంది, అంచులను పదును చేస్తుంది. ఆ సంస్కారంలో పగులు గీతగా మారింది. శిథిలమైన తాళపత్రంలో అక్షరం పోయినచోట ఖాళీ వదలని లేఖకుడు ఎంత ప్రమాదకరుడో పరిష్కర్తలకు తెలుసు. ఇది ఆ లేఖకుడి వంటిదే.

ఇది నా అనుమానం మాత్రమే కాదు. 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి బొమ్మను కావాలని మసకబార్చి కంప్యూటరు తెర మీద పెట్టి, శాంసంగ్ ఫోనుతో ఫోటో తీస్తే, ఆ మసకలో లేని వివరాలు ఫోటోలో కనిపించాయని లోకానికి చూపారు. చంద్రుణ్ణి గుర్తించినప్పుడు వివరాలను మెరుగుపరుస్తామని కంపెనీ కూడా వివరించింది. చందమామకు మచ్చలు అద్దితే నష్టం లేదు. శాసనంలో అద్దితే? అమరావతి రాతి మీద 'నాగబు' అన్న ఒక్క మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పట్టుకున్నారు. తెలుగు పాతదనాన్ని గురించి అంత చర్చకు ఆధారమైనది మూడక్షరాలు. అందులో చివరి అక్షరాన్ని ఒక యంత్రం నునుపు చేసి ఉంటే మనం ఏం చదివేవాళ్ళం?

కొనవద్దని నేను అనను. కొని, ఆ గిన్నె బొమ్మ వచ్చే తెలివిని ముందు ఆపుచేయండి. చాలా ఫోన్లలో అమరికలలో వెతికితే దొరుకుతుంది. ప్రో అనే పద్ధతి ఉంటే అందులో తీయండి. కెమేరా చూసినదాన్ని దిద్దకుండా దాచే రా ఫైలు సదుపాయం ఉంటే శాసనాలకు అదే వాడండి. మిరపకు ఫోటో తీయవలసివస్తే పగటి నీడలో, పక్కన తెల్లకాగితం పెట్టి తీయండి. కాగితం పచ్చగా పడితే చూసేవానికి కాయ రంగును కూడా నమ్మరాదని తెలుస్తుంది. వాట్సాపులో మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది గనుక డాక్యుమెంటుగా పంపండి. తేమ, ఘాటు, కాయ ఊపితే గింజ గలగలమనే చప్పుడు, ఇవి ఎలాగూ వెళ్ళవు. వాటికి మనిషి రావలసిందే.

మొన్న ఏరిన కాయకు ఫోటో తీయమని మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. ఈసారి తెల్లకాగితం వాడే తెచ్చాడు. అడగకుండానే తాలు కాయలు నాలుగు ఏరి రాశి ముందు వరుసగా పెట్టాడు. ఫోటోలో అవీ పడ్డాయి. వ్యాపారి ఇంకా ధర చెప్పలేదు. అయిదో పంక్తిలో అక్షరం కూడా తేలలేదు. చలి తగ్గిన తరువాత పాత 808కు ఒక బ్యాటరీ సంపాదించి, పక్కింటి కుర్రవాడి చేత టార్చి పట్టించి ఇంకొకసారి చూడాలి.