మైపాడు వాడికి మాల్దీవులెందుకు?

ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ నోట్సుల్లో సముద్రం ఎప్పుడూ నీలంగానే ఉంటుంది. ‘నీళ్ళ దగ్గరున్న ఒక చోటు గురించి చెప్పండి’ అనే కార్డు వస్తే చదవాల్సిన జవాబు ముందే రాసిపెట్టి ఉంటుంది. అందులో మాల్దీవులుంటాయి, లేదంటే గోవా. ఇసుక తెల్లగా, నీళ్ళు అద్దంలా, మాట్లాడేవాడి మనసు ప్రశాంతంగా. దాన్ని బట్టీ కొడుతున్న కుర్రాడిది మైపాడు పక్కన పల్లె. ఇంటి వెనక రొయ్యల గుంట, రాత్రంతా ఏరేటర్ల చప్పుడు. వాడు మాల్దీవులు చూళ్ళేదు. ‘అక్కడ నీకు ఏం నచ్చలేదు?’ అని ఎగ్జామినర్ ఒక్క ప్రశ్న వేస్తే వాడి దగ్గర ఇంకో వాక్యం లేదు.

నా తగువు వాడి చేతిలో మాల్దీవులు పెట్టినవాళ్ళతో.

అసలు పరీక్ష ఏమడుగుతోందో చూద్దాం. స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. ముందు ఊరు, చదువు, అలవాట్ల మీద నాలుగైదు నిమిషాల ముచ్చట. తర్వాత కార్డు: ఆలోచించుకోడానికి ఒక నిమిషం, మాట్లాడ్డానికి రెండు నిమిషాల దాకా. చివర అదే విషయం మీద నాలుగైదు నిమిషాల చర్చ. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అని నాలుగు పద్దులు, నాలుగింటికీ సమాన విలువ. ఏ బ్యాండుకి ఏం ఉండాలో పరీక్ష పెట్టేవాళ్ళే బయటపెట్టారు, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

దాంట్లో రెండు సంగతులు మన సెంటర్ల గోడల మీద రాయించాలి. ఒకటి: బట్టీ పట్టినట్టు వినిపించే వాక్యాల మీద బండి నడపడం వ్యాకరణం పద్దులో 3వ బ్యాండు లక్షణం. రెండు: 9వ బ్యాండు మనిషి కూడా మధ్యలో ఆగుతాడు. మాట దొరక్క ఆగడు, ఏం చెప్పాలా అని ఆగుతాడు. అంటే ఆలోచించడానికి ఆగితే మార్కులు పోవు.

మన దగ్గర చెప్పేది దీనికి సరిగ్గా తలకిందులు. ‘ఆగావంటే అయిపోయావ్’ అంటారు. ఏదో ఒకటి వాగుతూ ఉండమంటారు. ఎవరి గురించి అడిగినా తాతయ్యనే చెప్పు, తాతయ్యకి అబ్దుల్ కలాం గుణాలన్నీ తగిలించు అంటారు. నలభై మంది ఒకే తాతయ్యతో పరీక్షకి పోతారు.

ఉచ్చారణ సంగతీ ఇంతే. ‘ఎంటీఐ’ అని ఒక జబ్బు పేరు కనిపెట్టారు. అమ్మ భాష నాలుక మీద మిగిలిపోవడమే ఆ జబ్బు. దాని మందుగా ‘ర’ని నోట్లో నాలుగు మెలికలు తిప్పిస్తారు. పరీక్ష యాసని తప్పుపట్టదు, వినేవాడికి తేలిగ్గా అర్థం కావాలంటుంది. తెలుగువాళ్ళకి చిక్కొచ్చే చోట్లు వేరే ఉన్నాయి. మన మాటలు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి బస్ బస్సు అవుతుంది, రోడ్ రోడ్డు అవుతుంది. మనం అక్షరాలన్నీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లిష్‌లో మాటకో చోట ఒత్తు పడుతుంది. ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి చోట పడేది ‘ఫొటాగ్రఫీ’ దగ్గరికొచ్చేసరికి రెండో చోటికి జరుగుతుంది. ఇది వారంలో నేర్పొచ్చు. అమెరికా ‘ర’ మాత్రం ఏడాదైనా రాదు, వచ్చినా అక్కర్లేదు.

సెంటర్ నడిపేవాళ్ళ జవాబు నాకు తెలుసు. ‘సార్, పిల్లలకి కావాల్సింది స్కోరు. ఫీజే పదిహేను వేలు దాటింది. అప్పు చేసి కడతారు. నోరే పెగలనివాడికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా.’ నిజమే. బిగుసుకుపోయే పిల్లకి మొదటి వారం నాలుగు వాక్యాలు ఊతకర్రే. ఆ కర్రతోనే మూడు నెలలూ నడిపించి, అదే కాలని నమ్మించి పంపడం మాత్రం మోసం. చర్చ భాగంలో ఆ కర్ర విరుగుతుంది. అక్కడ కాకపోతే ఉద్యోగంలో విరుగుతుంది. బ్రిటన్‌లో నర్సుగా పనిచెయ్యడానికి ఐఈఎల్‌టీఎస్ దారిలో వెళ్ళేవాళ్ళకి అక్కడి నర్సింగ్ కౌన్సిల్ స్పీకింగ్‌లో 7 అడుగుతుంది. రైటింగ్‌కి 6.5 చాలంటుంది. రాతకన్నా మాటకి ఎక్కువ అడగడంలో అర్థముంది. అర్ధరాత్రి వార్డులో ఒక ముసలాయన ‘నొప్పి ఇక్కడ కాదు, అక్కడ’ అంటాడు. దానికి కార్డు లేదు, తాతయ్య జవాబు పనికిరాదు.

ఇప్పుడు ఆ కుర్రాడి రొయ్యల గుంట దగ్గరికి రండి. వాడికి కౌంట్ అంటే తెలుసు: కిలోకి ఎన్ని తూగితే అంత కౌంట్, 30 అయితే పెద్ద రొయ్య, 100 అయితే చిన్నది. తెల్లమచ్చ రోగం వస్తే గుంట ఎన్ని రోజుల్లో ఖాళీ అవుతుందో తెలుసు. 2009లో వెనామీకి అనుమతి రాకముందు టైగర్ రొయ్యతో వాళ్ళ నాన్న ఎలా మునిగాడో తెలుసు. గుంటల వల్ల మంచినీళ్ళు ఉప్పెక్కుతాయన్న తగువు తెలుసు. 1996లో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల సాగు మీద తీర్పిచ్చింది ఇలాంటి తగువులోనే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో తెలుసు. ‘నీళ్ళ పక్కన బతకడంలో లాభనష్టాలేంటి?’ అన్న ప్రశ్నకి ఇంతకన్నా సరుకున్న మనిషి దొరకడు. వాడికి లేనిది పాతిక ఇంగ్లిష్ మాటలు, ఇది చెప్పదగ్గ సంగతేనన్న నమ్మకం. పాతిక మాటలు నేర్పొచ్చు. ఆ నమ్మకాన్ని మాల్దీవులు తుడిచేస్తాయి.

పాపమంతా సెంటర్ల నెత్తిన రుద్దడం కూడా సరికాదు. వాళ్ళ దగ్గరికొచ్చేసరికే పిల్లలకి ఇరవై రెండేళ్ళు. అప్పటిదాకా వాణ్ణి ఎవరైనా రెండు నిమిషాలు ఆపకుండా విన్నారా? పదో తరగతి పబ్లిక్ పరీక్షలో తెలుగు పేపరుంది, తెలుగు మాట్లాడ్డం లేదు. కార్పొరేట్ ఇంటర్ కాలేజీలో పొద్దున్నించి రాత్రిదాకా నోరు మూసుకుని కూచోవడమే చదువు. ‘నీకేమనిపిస్తోంది?’ అన్న ప్రశ్న వాడి జీవితంలో మొదటిసారి అడిగేది ఇంగ్లిష్‌లో, టైము చూసుకుంటూ, ఒక పరాయి మనిషి. వాడు తడబడితే ఇంగ్లిష్ రాదని తేల్చేస్తాం. తెలుగులో అడిగి చూడండి, అదే తడబాటు.

ఇక మన సాహిత్యం వాళ్ళం. ఐఈఎల్‌టీఎస్ మాటెత్తితే ‘వలస బుద్ధి’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేసి ఊరుకోవడం మనకి అలవాటు. కావలి మనిషి మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ని నెల్లూరు మాటలో రాస్తే ఎంత తియ్యగా ఉందో అని మెచ్చుకుంటాం. పుస్తకంలో మెచ్చుకున్న ఆ మాటనే క్లాసులో పిల్లవాడు ‘వస్తా ఉండా సార్’ అంటే నవ్వుతాం, దిద్దుతాం. తన వీధి గురించి తన నోటితో చెప్పనివ్వని చోట, వాడు ఇంగ్లిష్‌లో ఇంకొకడి సముద్రం అద్దెకి తెచ్చుకోక ఏం చేస్తాడు?

సెంటర్లు చెయ్యగలిగింది ఖర్చులేని పని. నోట్సులో జవాబులు కొట్టేసి ప్రశ్నలే ఉంచండి. మొదటి వారం పిల్లల్ని తెలుగులోనే రెండు నిమిషాలు మాట్లాడించి, ప్రతి జవాబు మీదా ‘ఎందుకు?’ అని ఇంకో ప్రశ్న వెయ్యండి. వాడు ఆగితే ఆగనివ్వండి. తర్వాత అదే సంగతి ఇంగ్లిష్‌లో చెప్పించండి, తప్పులతోనే. ఇంట్లో పరీక్షకి చదువుతున్న చెల్లెలో తమ్ముడో ఉంటే ఈ పని మనమూ చెయ్యొచ్చు. మైపాడులో సముద్రం ఏ రంగో ముందు వాణ్ణే చెప్పనివ్వండి.