తలుపులకు తాళం వేసిన పోపు

నిరుడో మొన్నో కాదు, 1268 నవంబరులో నాలుగో క్లెమెంట్ పోపు కన్నుమూశాడు. తర్వాతి పోపును ఎన్నుకోడానికి ఇటలీలోని వితెర్బోలో కూడిన కార్డినళ్లు దాదాపు మూడేళ్లు తేల్చలేదు. విసిగిపోయిన ఊరివాళ్లు వాళ్లను భవనంలో పెట్టి తాళం వేశారు, తిండి తగ్గించారు, చివరికి పైకప్పూ పీకేశారు. 1271 సెప్టెంబరులో ఎన్నికైన పదో గ్రెగరీ అప్పటికి కార్డినల్ కాదు, కనీసం పాదరీ అయినా కాదు. ఆ వార్త అందేనాటికి పాలస్తీనాలోని ఆక్రేలో ఉన్నాడు.

ఆయన 1274లో లియోన్‌లో జరిగిన చర్చి సభలో ఆ తాళాన్నే చట్టం చేశాడు. మూడు రోజుల్లో తేల్చకపోతే పూటకు ఒకే వంటకం. మరో అయిదు రోజులు గడిస్తే రొట్టె, నీళ్లు, ద్రాక్షసారా మాత్రమే. 1276లో ఆయన పోయిన కొన్ని నెలలకే ఆ చట్టాన్ని పక్కన పెట్టారు, మళ్లీ జాప్యాలు మొదలయ్యాయి. తర్వాత తిరిగి తెచ్చుకోక తప్పలేదు.

2025 మేలో మన హైదరాబాద్ ఆర్చిబిషప్, తొలి తెలుగు కార్డినల్ పూల ఆంథోని కూడా ఆ తాళం వెనకే ఓటేశారు. రెండో రోజుకే కొత్త పోపు వచ్చాడు.

మరి మా ఎన్నికల జాప్యానికి మందేది? సికింద్రాబాద్‌వాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. మా కంటోన్మెంట్ బోర్డుకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. 2023 ఏప్రిల్ 30కి ప్రకటించినవి రద్దయ్యాయి. గడువు దాటిస్తే నష్టపోయేది ఓటరొక్కడే అయితే ఏ గడువూ నిలవదు. ఆలస్యం చేసేవాడికీ కాస్త ఇబ్బంది కలగాలి. ఈ ఎన్నికలు జరపాల్సిన ఢిల్లీ పెద్దలారా, ఆకలి మాట అక్కర్లేదు, తేదీ చెప్పండి చాలు.